ఒక యంత్రశిల్పి విడిచిన సొత్తు

ఉద్యోగవిరమణ దినమున జరుగు మర్యాదలు చదువరు లెఱిగినవే. పూలదండ వేయుదురు, సన్మానపత్రము చదువుదురు, అందఱు నొకచోట గూర్చుండి ఛాయాపటము తీయించుకొందురు. మఱునాడు ఆ పెద్దమనిషి కూర్చున్న కుర్చీలో వేఱొకరు కూర్చుందురు. అప్పుడు పుట్టవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆయన ముప్పది నలువది సంవత్సరములు చేసిన పనిలో మిగిలినదేమి? ఆయన చేసి యిచ్చిన వస్తువులా? ఆయన నేర్పిన పద్ధతియా? లేక గోడమీది పటము మాత్రమేనా?

ఈ ప్రశ్నకు మేము వేదాంతము చెప్పబోవుట లేదు. ఇనుముతోను నూనెతోను జీవితమంతయు గడపిన యొక యంత్రశిల్పి చరిత్రమును చెప్పి, దానినుండి యేమి తేలునో చూతము. మన పాఠశాలలో సైన్సు చదువు పెద్దపిల్లలకు ఇందలి యంత్రవిషయములు కొంత యుపయోగపడునని మా నమ్మకము.

ఆయన పేరు ఫాబియో తల్యోని. 1920వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన ఇటలీ దేశమునందలి లూగో అను చిన్న పట్టణమున జన్మించెను. 1948లో బొలోన్యా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టము పొందెను. 1954 మొదలు 1989 వఱకు, అనగా 35 సంవత్సరములు, బొలోన్యా నగరమున గల డుకాటి కర్మాగారమున మోటారు సైకిళ్ల రూపకర్తగా నుండెను. 2001 జూలై 18న మరణించెను. సమాధి ఱాతిమీద చెక్కుటకు ఈ మాత్రము చాలును. విద్యార్థులకు కావలసిన కథ వేఱుగా నున్నది.

పట్టము పొందిన తరువాత తల్యోని కొంతకాలము ఇమోలా పట్టణమున నొక సాంకేతిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను. అక్కడ శిష్యులను తోడు చేసికొని 75 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజను నొకదానిని రూపొందించెను. దానిని చెకాటో అను కంపెనీవారు తీసికొని మోటారు సైకిళ్లకు అమర్చి అమ్మిరి. మేము నల్లబల్లమీద గీచు బొమ్మలు సాధారణముగా గంట కొట్టగానే తుడిచివేయబడును. ఆయన తరగతిలో గీచిన బొమ్మ మాత్రము వీధిలోనికి వచ్చి పరుగెత్తినది. తరువాత మొండియాల్ అను పందెపు మోటారు సైకిళ్ల కంపెనీలో కొంతకాలము పనిచేసి, 1954లో డుకాటికి వచ్చెను.

డుకాటి కంపెనీ 1926లో రేడియో భాగములు చేయుటకు స్థాపింపబడినది. 1944లో బాంబులు పడి దాని కర్మాగారము ధ్వంసమయ్యెను. యుద్ధానంతరము ఆ కంపెనీవారు సైకిలుకు తగిలించుకొను చిన్న ఇంజను నొకదానిని చేసి అమ్మసాగిరి. దాని పేరు కుచ్చోలో. ఆ మాటకు కుక్కపిల్ల యని యర్థము. తల్యోని అడుగుపెట్టు నాటికి ఆ కంపెనీకి పందెములలో పేరు లేదు. మఱుసటి యేడు, 1955లో, ఆయన గీచిన 100 ఘన సెంటీమీటర్ల బండి వెలువడెను. జనులు దానిని ముద్దుగా మరియాన్నా యని పిలిచిరి. దేశము చుట్టివచ్చు మోటోజిరో పందెమున అది ఆ యేడే తన తరగతిలో గెలుపొందెను.

ఇక ఆయన ముఖ్యమైన పనిని తెలిసికొనవలెనన్న ఇంజను లోపలి సంగతి కొంచెము చూడవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో సిలిండరు పైభాగమున కవాటము లుండును. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోనికి రానిచ్చును. వేఱొకటి కాలిన పొగను బయటికి పోనిచ్చును. ఇంజను ఇరుసు రెండు చుట్లు తిరుగు నంతలో ఒక్కొక్క కవాట మొక్కసారి తెఱచుకొని మూసికొనవలెను. ఇరుసు నిమిషమునకు 12,000 చుట్లు తిరిగిన యెడల, కవాటము నిమిషమునకు 6,000 మార్లు, అనగా సెకండునకు 100 మార్లు తెఱచుకొని మూసికొనవలెను. మనము కన్నుమూసి తెఱచు లోపల ఆ తలుపు ఎన్నిసార్లు తెఱవబడి మూయబడునో పిల్లలే లెక్క వేసికొందురు గాక.

ఈ తలుపును తెఱచునది క్యాము అను కోడిగ్రుడ్డు ఆకారపు చక్రము. దాని ఉబ్బెత్తు భాగము వచ్చి కవాటమును నొక్కగా అది తెఱచుకొనును. మూయునది యెవరు? సాధారణముగా నొక స్ప్రింగు. క్యాము వదలిపెట్టగానే స్ప్రింగు కవాటమును వెనుకకు లాగి మూయును. ఈ యేర్పాటు నెమ్మదిగా నడచు బండికి చక్కగా సరిపోవును. వేగము హెచ్చినకొలది స్ప్రింగునకు తన పని ముగించుకొనుటకు వ్యవధి చాలదు. క్యాము ముందుకు పోవును. కవాట మింకను గాలిలో తేలుచుండును. అట్టి స్థితిలో క్రిందనుండి వచ్చు పిస్టను దానిని తాకిన యెడల ఇంజను తునుకలగును. స్ప్రింగును మఱింత గట్టిదిగా చేసిన, దానిని నొక్కుటకే ఇంజను బలము కొంత వ్యర్థమగును. అదిగాక ఆ కాలపు ఉక్కుతో చేసిన స్ప్రింగులు అంత వేగమునకు తాళలేక విఱిగిపోవుచుండెను.

తల్యోని యిట్లు ప్రశ్నించుకొనెను: తెఱచుటకు క్యామును నమ్మిన మనము మూయుటకు స్ప్రింగునే యేల నమ్మవలెను? మూయుటకును ఒక క్యాము నేల పెట్టరాదు? ఈ పద్ధతికి డెస్మోడ్రోమిక్ అని పేరు. గ్రీకు భాషలో డెస్మోస్ అనగా బంధము, డ్రోమోస్ అనగా పరుగు. కవాటము పోవునప్పుడును వచ్చునప్పుడును బంధములోనే పరుగెత్తునని భావము. మన నేతగాని మగ్గము చూచిన వారికి ఇది సులభముగా బోధపడును. అతని కాళ్ల క్రింద రెండు తొక్కుడు కఱ్ఱలుండును. ఒకదానిని త్రొక్కిన నూలు ఒక వరుస క్రిందికి దిగును. ఆ దిగుటయే పైనున్న త్రాటి మూలమున రెండవ వరుసను పైకి లాగును. దిగుటకును ఎక్కుటకును పాదమే కారణము. దానంతట అది తిరిగి వచ్చునని దేనికిని వదలిపెట్టుట లేదు.

ఈ యూహ మొట్టమొదట పుట్టినది తల్యోని బుఱ్ఱలో కాదని యిచట చెప్పుట న్యాయము. 1914లోనే డెలాజ్ అను ఫ్రెంచి కంపెనీ పందెపు కార్లలో ఈ పద్ధతిని ప్రయత్నించెను. 1954, 1955 సంవత్సరములలో జర్మనీలోని మెర్సిడెస్ వారి పందెపు కార్లు దీనితో గెలుపొందెను. అయినను వారందఱు కొంతకాలము వాడి విడిచిపెట్టిరి. దీనికి కారణము లేకపోలేదు. రెండు క్యాముల నడుమ కవాటమునకు ఉండవలసిన సందు మిల్లీమీటరులో వందవవంతుల లెక్కకు సరిపడవలెను. తయారుచేయుట కష్టము, అప్పుడప్పుడు సరిచూచుట మఱింత కష్టము. తల్యోని మాత్రము విడువలేదు. ఒకని గొప్పదనము క్రొత్తది కనిపెట్టుటలోనే గాక, ఇతరులు విసిగి విడిచినదానిని పట్టుకొని పనికివచ్చునట్లు చేయుటలోను గలదు.

1956లో స్వీడను దేశమున హెడెమోరా పందెమున 125 ఘన సెంటీమీటర్ల డెస్మో బండి మొదటిసారి దిగి, మొదటిసారియే గెలిచెను. దానిని నడపినవాడు జియాన్నీ దెలీ ఆంటోని. ఆ యేడే మోంజాలో బండిని పరీక్షించుచుండగా నతడు ప్రమాదమున మరణించెను. యంత్రముల చరిత్రలో విజయముల పట్టికలు వ్రాయువారు ఇట్టి సంగతులను చిన్న అక్షరములలో వ్రాసి పోవుదురు. మేము అట్లు చేయదలపము. 1958లో బెల్జియము, స్వీడను, ఇటలీ దేశములలో జరిగిన 125 తరగతి పందెములలో డుకాటి బండ్లే గెలిచెను. సామాన్యులు అంగడిలో కొనదగిన డెస్మో బండి 1968లో వెలువడెను. పందెమునకు పుట్టిన యూహ వీధికి దిగివచ్చుటకు 12 సంవత్సరములు పట్టెను.

ఆయన తలపెట్టిన పనులన్నియు సఫలమయ్యె ననుకొనరాదు. అమెరికాలో బండ్లు అమ్మువారి కోరికపై 1964 ప్రాంతమున అపోలో అను పెద్ద మోటారు సైకిలును రూపొందించెను. దాని ఇంజను 1,257 ఘన సెంటీమీటర్లు. సిలిండర్లు నాలుగు, రెండేసి చొప్పున లంబకోణమున నుండెను. ఇంజను బాగుగనే నడచెను గాని, దాని బలమునకు ఆనాటి టైర్లు నిలువలేకపోయెను. బలము తగ్గించి చూచిరి. అప్పుడు కొనువారికి దానియందు ప్రత్యేకత కనబడదయ్యెను. పని నమూనాలతోనే నిలిచిపోయినది. ఎన్నియో రాత్రుల శ్రమ మూలపడినట్లు తోచినది.

ఏడెనిమిది యేండ్ల తరువాత ఆ మూలపడినదే అక్కఱకు వచ్చెను. 1970లో కంపెనీవారు పెద్ద బండి కావలెనని కోరగా, తల్యోని అపోలోలోవలెనే లంబకోణమున సిలిండర్లను పెట్టి, ఈసారి రెండింటితో ఇంజను గీచెను. ముందు సిలిండరు దాదాపు నేలకు సమాంతరముగా పండుకొని యుండును. వెనుకది నిలువుగా లేచి యుండును. చూచుటకు రోమను లిపిలోని ఎల్ అక్షరమువలె నుండును. 1971లో 750 జీటీ అను పేర ఆ బండి వెలువడెను.

లంబకోణ మేల? పిస్టను పైకి క్రిందికి కొట్టుకొనుటచేత ఇంజను అదరును. ఆ అదురు నణచుటకు ఇరుసున నొక బరువును ఎదురుగా కట్టుదురు. ఆ బరువు గుండ్రముగా తిరుగుటచేత పిస్టను పోవు దిక్కున అదురును తగ్గించును గాని, దానికి అడ్డదిక్కున క్రొత్త అదురును పుట్టించును. ఆ అడ్డదిక్కుననే రెండవ పిస్టనును పెట్టిన యెడల, ఒకదానికి మిగులుగా నున్న బరువు రెండవదానికి సరిపోవును. ఈ యుపాయముచేత ఇంజనులోని ప్రధానమైన అదురు అణగిపోవును. అంతేగాక బండి పోవునప్పుడు ఎదురుగాలి రెండు సిలిండర్లకును తగిలి చల్లబఱచును. దీనికి ఒక లోపము గలదు: ఇంజను పొడవగును, బండియు పొడవగును. ఆ లోపమును తెలిసియే ఆయన అంగీకరించెను.

1972 ఏప్రిలు 23న ఇమోలాలో 200 మైళ్ల పందెము జరిగెను. తల్యోని ఒకప్పుడు పాఠములు చెప్పిన ఊరు అదియే. ఆయన రెండు సిలిండర్ల డెస్మో బండ్లపై పాల్ స్మార్ట్ మొదటివాడుగను, బ్రూనో స్పజ్జారి రెండవవాడుగను వచ్చిరి. పెద్ద కంపెనీలు పాల్గొన్న ఆ పందెముతో డుకాటి పేరు దేశదేశములకు ప్రాకెను. 1978లో మైక్ హేల్‌వుడ్ అను ప్రసిద్ధుడు 11 యేండ్ల విరామము తరువాత మాన్ ద్వీపమునకు తిరిగి వచ్చి, డుకాటి బండిపైననే ఫార్ములా వన్ పందెమును గెలిచెను. అప్పటికి అతనికి 38 యేండ్లు.

ఇచటికి వచ్చుసరికి తల్యోని తృప్తిపడి కూర్చుండవచ్చును. ఆయన చేసినదేమి? ఆ గెలిచిన ఇంజనులో క్యాములను తిప్పుటకు నిలువుటిరుసులును, వాని కొనల పండ్లచక్రములును ఉండెను. అవి చూచుటకు గడియారపు పనివలె నుండి, అభిమానులకు ప్రాణము. కాని వానిని కూర్చుటకు నేర్పరియైన పనివాడు చాల సేపు శ్రమపడవలెను, ఖర్చు హెచ్చు. 1979లో వెలువడిన పంటా అను బండిలో తల్యోని ఆ ఇరుసులను తీసివేసి, వాని స్థానమున పండ్లుగల రబ్బరు పట్టీలను పెట్టెను. తన కీర్తికి కారణమైనదానిని తన చేతితోనే తొలగించెను. లంబకోణమును డెస్మోను మాత్రము ఉంచెను. ఏది ఉంచవలెనో, ఏది విడువవలెనో విడదీసి చూచు నేర్పు ఇందు స్పష్టముగా గనబడును. ఈ పంటా వంశమున పుట్టిన బండిపై టోనీ రట్టర్ 1981 నుండి 1984 వఱకు వరుసగా నాలుగేండ్లు టీటీ ఫార్ములా టూ తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను.

1989లో తల్యోని పనినుండి విరమించెను. మొదట మేము వేసిన ప్రశ్న యిప్పుడు మరల వేయవచ్చును. మిగిలినదేమి?

ఆయన విరమించుటకు ముందే ఆ కర్మాగారమున మాస్సిమో బోర్ది అను యువకుడు చేరి యుండెను. అతడును బొలోన్యా విశ్వవిద్యాలయమున చదివినవాడే. 1975లో పట్టమునకై వ్రాసిన వ్యాసమున, సిలిండరునకు నాలుగు కవాటములుగల డెస్మో ఇంజనునుగూర్చి వ్రాసెను. తల్యోని పేరు మోసిన ఇంజనులలో సిలిండరునకు రెండే కవాటములు. అవి గాలితో చల్లబడునవి. బోర్ది నాలుగు కవాటములు పెట్టెను, నీటితో చల్లబఱచెను, పెట్రోలును విద్యుత్సాధనముతో పంపెను. 1980ల చివర వెలువడిన 851 అను ఆ బండిలో తల్యోని లంబకోణము నిలిచెను, డెస్మో నిలిచెను, రబ్బరు పట్టీలును నిలిచెను; మిగిలిన దెల్ల మాఱెను. 1990లో రేమండ్ రోష్ ఆ వంశపు బండిపై సూపర్‌బైక్ ప్రపంచవిజేత యయ్యెను. గురువు చెప్పినది చెప్పినట్లు తిరిగి అప్పగించు శిష్యుడు పరీక్షలో గెలుచును. గురువు చెప్పినదానికి ఒక మాట కలిపి చెప్పు శిష్యుడు గురువును గెలిపించును.

కథ యింతటితో ముగియలేదు. 2003లో డుకాటివారు అన్నిటికంటె పెద్ద పందెమైన మోటోజీపీకి ఒక బండిని పంపిరి. దాని సిలిండర్లు నాలుగు, కోణము లంబకోణము, కవాటములు డెస్మో పద్ధతివి. మూలపడిన అపోలో ఎముకలు నలువది యేండ్ల తరువాత లేచి నిలిచినట్లయ్యెను. 2007లో కేసీ స్టోనర్, 2022, 2023 సంవత్సరములలో ఫ్రాంచెస్కో బన్యాయా ఆ వంశపు బండ్లపై ప్రపంచవిజేతలైరి. ఆ మొదటి బండిని చూచుటకు తల్యోని జీవించి యుండలేదు.

మఱి 2020లో చిత్రమైన సంగతి జరిగెను. దూరప్రయాణములకై చేసిన నాలుగు సిలిండర్ల బండిలో డుకాటివారు డెస్మోను విడిచి, మరల స్ప్రింగులనే పెట్టిరి. 2024లో ప్రకటించిన 890 ఘన సెంటీమీటర్ల రెండు సిలిండర్ల ఇంజనులోను అట్లే చేసిరి. అభిమానులలో కొందఱు దీనిని పితృద్రోహమువలె భావించి నొచ్చుకొనిరి. వారి బాధ మాకు అర్థము కానిది కాదు. ఒక పేరు ఒక పద్ధతితో యాబది యేండ్లు కలిసి నడచినప్పుడు, ఆ ముడి విప్పుట చూచువారికి నొప్పియే.

కాని తల్యోని స్ప్రింగును ద్వేషించి డెస్మోను పట్టుకొనెనా? లేదు. ఆనాటి స్ప్రింగు విఱుగుచుండెను గనుక పట్టుకొనెను. ఈనాటి ఉక్కు వేఱు. ఈనాటి స్ప్రింగు వేఱు. 2020 నాటి ఆ బండిలో కవాటముల సందును 60,000 కిలోమీటర్లకు ఒకసారి చూచుకొన్న చాలునని కంపెనీవారు చెప్పిరి. దూరము పోవు బాటసారికి కావలసినది అదియే. మితిమీరిన వేగము కావలసిన పందెపు బండ్లలో డెస్మోను వారు విడువలేదు. 2023లో ప్రకటించిన ఒక్క సిలిండరు ఇంజనులోను దానినే పెట్టిరి. ఎక్కడ దేని యవసర మున్నదో అక్కడ దానిని పెట్టిరి. నిలువుటిరుసులను తీసి రబ్బరు పట్టీలను పెట్టిననాడు తల్యోని చేసినదియు అదియే గదా!

కాబట్టి మా యభిప్రాయమున ఆయన విడిచిన సొత్తు డెస్మో కాదు, లంబకోణము కాదు. అవి ఆయన ఇచ్చిన జవాబులు. జవాబులు కాలముతో మాఱును. మాఱకున్న అవి తుప్పుపట్టును. ఆయన విడిచినది ప్రశ్న అడుగు పద్ధతి. ఈ భాగము ఇచట నేల యున్నది? దీని పని ఇది సరిగా చేయుచున్నదా? చేయనియెడల వేఱు దారి యేది? ఈ ప్రశ్నలను ఇమోలాలోని తరగతిలో పిల్లల యెదుట ఆయన వేసెను; బొలోన్యాలో 35 యేండ్లు వేసెను; తరువాత వచ్చినవారు ఆయన జవాబులనే యెదుట బెట్టుకొని మరల వేసిరి.

మా పాఠశాలలో చదువు విద్యార్థులలో మోటారు సైకిళ్లు చేయువారు ఎందఱు కలుగుదురో మే మెఱుగము. ఇంటనున్న పాత సైకిలును విప్పి, దాని బంతులను నూనెలో కడిగి, మరల కూర్పలేక తండ్రిచేత దెబ్బలు తిన్నవారు మాత్రము మా తరగతులలో కలరు. వారితో మే మిట్లనుచున్నాము: నాయనలారా, మరల విప్పుడు. ఈసారి ఏ భాగము ఎచట నుండెనో కాగితముమీద బొమ్మ గీచికొని విప్పుడు. మేము చెప్పిన పాఠములో తప్పు కనబడిన యెడల నిలిచి మర్యాదగా నడుగుడు. విరమణ దినమున మీరు వేయబోవు పూలదండ సాయంకాలమునకు వాడును. మా మాటను సరిదిద్దిన శిష్యుడొకడు మిగిలిన యెడల మేము ఊరక బల్లముందు నిలువలేదని తృప్తి నొందెదము.